ఇటాలియన్ మాటలు నేర్చుకోవడం ఎలా: పెద్ద మాటలకు ఇంగ్లీషు, చిన్న మాటలకు తెలుగు

ఇటలీకి చదువుకోడానికో ఉద్యోగానికో బయల్దేరేవాళ్లు ముందుగా అడిగేది ఒక లిస్టు. ఇటాలియన్ మాట ఒకవైపు, ఇంగ్లీషు అర్థం ఇంకోవైపు ఉన్న పీడీఎఫ్. అలాంటివి నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లూ కుప్పలుగా ఉన్నారు, మూడో పేజీ దాటినవాళ్లే తక్కువ. ఎందుకంటే మొదటి పేజీలో యాపిల్, పిల్లి, ఏనుగు, కిటికీ ఉంటాయి. మీకు దిగిన వారంలో కావాల్సింది మాత్రం అద్దె, అడ్వాన్సు, రసీదు, కౌంటరు, గడువు. మిలానో, బొలోన్య, పాదొవ లాంటి చోట్ల మాస్టర్స్ క్లాసులు ఇంగ్లీషులో జరిగే కోర్సులు చాలానే ఉన్నాయి, కానీ పోస్టాఫీసు, ఇంటి ఓనరు, కూరగాయల తూకం మెషీను ఇంగ్లీషులో మాట్లాడవు.

తెలుగు నుంచి నేరుగా ఇటాలియన్‌కి పనికొచ్చే డిక్షనరీ చేతికి దొరకడం కష్టం కాబట్టి అందరం ఇంగ్లీషు మీదుగానే వెళ్తాం. అందులో తప్పేం లేదు. కాకపోతే ఇంగ్లీషుని ఎక్కడ వాడాలి, ఎక్కడ పక్కన పెట్టి నేరుగా తెలుగులో ఆలోచించాలి అన్నది తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. ఈ గైడు మొత్తం దాని గురించే. ఇటాలియన్ మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలో, వీలైనంత దగ్గరి ఉచ్చారణతో రాస్తున్నాను. స్పెల్లింగు మాత్రం ప్రతి మాటకీ డిక్షనరీలో ఒకసారి చూసుకోండి.

మొదటి మెట్టు: పలకడం తెలుగు లిపిలో నేర్చుకోండి

దయచేసి ఇటాలియన్ మాటల్ని ఇంగ్లీషువాళ్లు పలికినట్టు పలకొద్దు. మనకు ఆ అవసరమే లేదు. ఇటాలియన్‌లో త, ద శబ్దాలు మన త, ద లే, ట, డ కావు. మొత్తం అనే మాట తుత్తో, దేశం పేరు ఇతాలియా. ఇంగ్లీషువాళ్లు కష్టపడి నేర్చుకునే ఈ శబ్దం మనకు పుట్టుకతో ఉంది, దాన్ని వదిలేసి "టుట్టో" అంటూ అరువు తెచ్చుకోవడం ఎందుకు?

అక్షరాలు 21 మాత్రమే. జె, కె, డబ్ల్యూ, ఎక్స్, వై బయటి మాటల్లోనే కనిపిస్తాయి. సి అక్షరం తర్వాత ఇ గానీ ఐ గానీ వస్తే చ, లేకపోతే క. మధ్యలో హెచ్ దూరితే మళ్లీ క. అందుకే మన దగ్గర కెఫేల్లో "బ్రూషెటా" అనేది ఇక్కడ బ్రుస్కెత్త. జి కూడా అంతే: జెలాతోలో జ, స్పగెత్తిలో గ. జి, ఎన్ కలిస్తే న్య (బాన్యో అంటే బాత్రూమ్). జి, ఎల్, ఐ కలిస్తే ల్య (ఆల్యో అంటే వెల్లుల్లి). ఎస్, సి తర్వాత ఇ, ఐ వస్తే ష: పెషె అంటే చేప, పెస్క అంటే పీచ్ పండు. హెచ్ ఒంటరిగా ఉంటే నోరెత్తదు.

జెడ్ దగ్గర చాలామంది తికమక పడతారు, నిజానికి అది మనకు అందరికంటే సులువు. చలి, చాప, చుక్క అనేటప్పుడు మన చ చిలుకలో చ లాగా ఉండదు కదా, పళ్ల దగ్గర పుడుతుంది. పాత పుస్తకాల్లో దానికి ౘ అనే గుర్తు ఉండేది. గ్రాత్సియె, పిత్స, స్తత్సియోనె అన్నింట్లో ఉన్నది ఆ చాపలోని శబ్దమే. జీరోకి వాడే ద్జేరోలో ఉన్నది జడలోని జ. చావ్ అని పలకరించేటప్పుడు మాత్రం చిలుకలోని చ.

ఇక ఒత్తులు. కల, కల్ల ఒకటి కాదు, గడి, గడ్డి ఒకటి కాదు. ఇటాలియన్ కూడా ఇంతే కచ్చితం. కాస అంటే ఇల్లు, కస్స అంటే డబ్బు కట్టే కౌంటరు. సేతె దాహం, సెత్తె ఏడు. కపెల్లో వెంట్రుక, కప్పెల్లో టోపీ. నోనో తొమ్మిదో, నొన్నో తాతయ్య. హల్లు ఒకటే ఉన్నప్పుడు దాని ముందు నొక్కి పలికే అచ్చు సాగుతుంది, హల్లు రెట్టించినప్పుడు కురచవుతుంది, అందుకే తెలుగు లిపిలో రాసుకుంటే దీర్ఘంతో సహా కళ్లకు కనబడుతుంది. అన్నింటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది వయసు చెప్పేటప్పుడు. సంవత్సరం అన్నో. అందులో న ఒత్తు మింగేస్తే శరీరంలో నలుగురిలో పేరెత్తని చోటు అవుతుంది. ఇరవై ఏళ్లు అనబోయి ఏదో అనేసి క్లాసంతా నవ్వించిన విదేశీయులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఊనిక మామూలుగా చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. చివరి అచ్చు మీద పడితే దాని మీద గీత రాస్తారు. మిగతా చోట్ల గుర్తు ఉండదు, వినే తెలుసుకోవాలి. అంకోర అని కో మీద ఊనితే "ఇంకా, మళ్లీ", ఆంకొర అని మొదటి అక్షరం మీద ఊనితే ఓడ లంగరు.

రెండో మెట్టు: మీకు ఆల్రెడీ వచ్చిన మాటలు

కొత్త మాట ఒక్కటైనా నేర్చుకోకముందే ఒక కాగితం మీద ఇంగ్లీషు ద్వారా మన దాకా వచ్చిన ఇటాలియన్ మాటలు రాయండి. బాల్కనీ, స్టూడియో, పియానో, సోలో, గ్రాఫిటీ, పాపరాజీ. క్వారంటైన్ వెనిస్ నుంచి వచ్చింది, ఓడల్ని 40 రోజులు ఆపి ఉంచేవాళ్లు. క్వరాంత అంటే 40, ఇలా ఒక అంకె ఉచితంగా వచ్చేసినట్టే. మలేరియా అంటే చెడ్డ గాలి, మాల ఆరియ. చిత్తడి నేలల గాలి పీలిస్తే జ్వరం వస్తుందని నమ్మిన రోజుల్లో పెట్టిన పేరు అది. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో దాని క్రిమిని పట్టుకున్నాక గాలి నిర్దోషి అని తేలింది, పేరు మాత్రం మారలేదు. మనకు మాత్రం ఆరియ అంటే గాలి అని గుర్తుండిపోతుంది. బ్యాంకు, క్యాష్, క్రెడిట్ లాంటి డబ్బు మాటల వెనక కూడా ఇటలీ వర్తకులే ఉన్నారు.

మూడో మెట్టు: తోకలు మార్చండి

ఇక్కడ ఇంగ్లీషుకి పూర్తిగా పని చెప్పండి. ఇంగ్లీషులో "షన్"తో ముగిసే మాటల్లో చాలావరకు ఇటాలియన్‌లో "త్సియోనె"తో ముగుస్తాయి. స్టేషన్ స్తత్సియోనె, నేషన్ నత్సియోనె, అటెన్షన్ అత్తెంత్సియోనె. ఇవన్నీ స్త్రీలింగాలు కూడా, అంటే లింగం కూడా విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. "టీ"తో ముగిసేవి ఊనికతో "తా" అవుతాయి: యూనివర్సిటీ ఉనివెర్సితా, సిటీ చిత్తా, క్వాలిటీ క్వలితా. వీటికి బహువచనంలో మార్పే లేదు. "బుల్" అని వినిపించేవి "బిలె" (పాసిబుల్ పొస్సీబిలె), "అస్" తోక "ఒసో" (ఫేమస్ ఫమోసో), "లీ" తోక "మెంతె" (ఫైనల్లీ ఫినల్మెంతె), "ఎన్స్, అన్స్" తోకలు "ఎంత్స, అంత్స" (డిఫరెన్స్ దిఫ్ఫెరెంత్స), "ఇస్ట్" తోక "ఇస్త" (డెంటిస్ట్ దెంతిస్త, ఆడా మగా తేడా లేకుండా). ఒక్క సాయంత్రం కూర్చుని ఒక్కో తోకకు మీకు తెలిసిన ఇంగ్లీషు మాటలు పదేసి మార్చి, ప్రతిదీ డిక్షనరీలో సరిచూసుకోండి. సరిచూడటం ముఖ్యం, ఎందుకంటే కొన్ని మొండికేస్తాయి. ట్రాన్స్‌లేషన్ త్రదుత్సియోనె అవుతుంది, ఎక్స్‌ప్లనేషన్ స్పియెగత్సియోనె అవుతుంది, అప్లికేషన్ అయితే అసలు పోలికే లేని దొమాంద. ఈ దొమాందకే "ప్రశ్న" అనే అర్థం కూడా ఉంది. స్కాలర్‌షిప్ అప్లికేషన్ పేజీలో ఆ మాట కనబడితే ఎవరో ఏదో అడుగుతున్నారని కంగారు పడకండి.

మాట మధ్యలో జరిగే మార్పులు ఇంకా బాగుంటాయి. మనకు తత్సమం, తద్భవం స్కూల్లో చెప్పారు కదా. భక్తి బత్తి అయింది, ముక్త ముత్తెం అయింది. సరిగ్గా అదే పని ఇటాలియన్ లాటిన్ మాటల్ని పట్టుకుని చేసింది, ఇంగ్లీషు మాత్రం వాటిని తత్సమాల్లా ఉంచేసుకుంది. అక్టోబర్ ఒత్తోబ్రె, సెప్టెంబర్ సెత్తెంబ్రె, డాక్టర్ దొత్తోరె, ఫ్యాక్ట్ ఫత్తో. రెండు వేర్వేరు హల్లులు కలిసి ఒకే హల్లు రెట్టించినట్టు మారిపోతాయి. అడ్మినిస్ట్రేషన్‌లో డ, మ కలిసి అమ్మినిస్త్రత్సియోనె. ఎక్స్ అక్షరం స గా కరిగిపోతుంది: మాగ్జిమమ్ మాస్సిమో, ఎగ్జాంపుల్ ఎసెంపియో.

ఇంకోటి, హల్లు తర్వాతి ల చాలాచోట్ల య లోకి జారిపోతుంది. ప్లాంట్ పియాంత, ప్లేట్ పియాత్తో, ఫ్లవర్ ఫియోరె, ఫ్లేమ్ ఫియామ్మ, క్లియర్ కియారో, బ్లాంక్ బియాంకో (అర్థం తెలుపు). ఈ నాలుగైదు సూత్రాలు చేతిలో ఉంటే న్యూస్ వెబ్‌సైటు తెరిచినప్పుడు పెద్ద పెద్ద మాటలన్నీ వాటంతటవే అర్థం చెప్పేస్తాయి. చిన్న మాటలే చెప్పవు, వాటి సంగతి తర్వాత.

నాలుగో మెట్టు: మోసం చేసే మాటలు

ఇంగ్లీషులా కనిపిస్తూ ఇంకేదో అర్థం ఉన్నవి. వీటిని మాత్రం బట్టీ పట్టాల్సిందే, అదీ తోకలు మార్చడం అలవాటైన వెంటనే, లేకపోతే ధీమా ఎక్కువై బోల్తా పడతాం.

మొదటిది బాత్రూములోనే ఎదురవుతుంది. కుళాయి మీద సి అని ఉంటే కోల్డ్ అనుకుని తిప్పుతారు. అది కాల్దో, అంటే వేడి. చల్లనిది ఎఫ్, ఫ్రెద్దో. రెండోది బార్ దగ్గర (ఇక్కడ బార్ అంటే పొద్దున్నే కాఫీ తాగే చోటు, మన బార్ కాదు): లత్తె ఇవ్వమంటే గ్లాసుడు పాలు ఇస్తారు, ఎందుకంటే లత్తె అంటే పాలే. కాఫీ కలవాలంటే కఫ్ఫెలత్తె అనో కప్పుచ్చీనో అనో అడగాలి. ఉత్త కఫ్ఫె అంటే చిన్న కప్పులో ఎస్ప్రెస్సో. మూడోది పిజ్జా. పెపెరోని అంటే క్యాప్సికం, వెజిటేరియన్లకు ఇది శుభవార్త. అమెరికా సినిమాల్లో చూసిన కారం సాసేజ్ ముక్కల పిజ్జాకి ఇక్కడ పేరు దియావొల.

ఇళ్లకు సంబంధించి: కామెర అంటే గది. పరెంతి అంటే బంధువులు, తల్లిదండ్రులు జెనితోరి. ఫారంలో పరెంతి అని ఉంటే అమ్మానాన్నల పేర్లు మాత్రమే రాసి వదిలేయకండి. కంతీన నేలమాళిగ, క్యాంటీన్ మెన్స. లిబ్రెరియా పుస్తకాల షాపు, లైబ్రరీ బిబ్లియొతేక. ఫత్తొరియా పొలం, ఫ్యాక్టరీ ఫబ్బ్రిక. మగద్జీనో గోదాము. ఫిర్మ సంతకం. పతెంతె డ్రైవింగ్ లైసెన్సు. స్తిపెందియో జీతం, స్టైపెండ్ అనుకుని స్కాలర్‌షిప్ గురించి మాట్లాడితే ఎదుటివాళ్లకు అర్థం కాదు; స్కాలర్‌షిప్ బోర్స ది స్తూదియో. దొత్తోరె అంటే డిగ్రీ ఉన్న ఎవరైనా సరే, జ్వరం వస్తే వెతకాల్సింది మెదికోని.

మనుషుల గురించి చెప్పే మాటల్లో ఎదుకాతో అంటే చదువుకున్నవాడు కాదు, మర్యాద తెలిసినవాడు. సెన్సీబిలె అంటే సున్నిత మనస్కుడు. సింపాతికో కలుపుగోలు మనిషి. దెలుసియోనె నిరాశ, భ్రమ కాదు. అత్తువల్మెంతె ప్రస్తుతం. ఎవెంతువల్మెంతె అవసరమైతే; మెయిల్‌లో "ఎవెంతువల్మెంతె ఫోన్ చేస్తాం" అన్నారంటే ఎప్పటికైనా తప్పకుండా చేస్తారని ఎదురుచూడొద్దు. ప్రెతెందెరె అంటే నటించడం కాదు, పట్టుబట్టి డిమాండ్ చేయడం.

ఆహారంలో ప్రిజర్వేటివ్స్ ఉన్నాయా అని అడగాలనుకుంటే మాట కొన్సెర్వాంతి. ఇంగ్లీషుకి తోక తగిలించి ప్రెసెర్వతీవి అన్నారంటే మీరు అడుగుతున్నది కండోముల గురించి. ఇంకో చిత్రం కొత్తిమీర. కొరియాందొలో అంటే కొత్తిమీరే, కానీ బహువచనంలో కొరియాందొలి అంటే పండగల్లో చల్లే రంగు కాగితం ముక్కలు కూడా. ఒకప్పుడు కార్నివాల్‌లో పంచదార పాకం పట్టిన ధనియాలు విసురుకునేవారు, ఆ పేరు కాగితాలకు అంటుకుంది. ఇంగ్లీషువాళ్లు ఆ కాగితాల్ని కన్ఫెట్టీ అంటారు. ఇక్కడ కొన్‌ఫెత్తి అంటే పెళ్లిళ్లలో పంచే, చక్కెర పూత వేసిన బాదం పప్పులు.

బస్టాపులో ఒకటుంది, దాన్ని మర్చిపోకండి: ఫెరియాలె. ఫెరియె అంటే సెలవులు కాబట్టి ఫెరియాలె అంటే సెలవు రోజుల టైంటేబుల్ అనుకుంటాం. రివర్స్. అది పనిరోజులది, శనివారంతో కలిపి. ఆదివారాలు, పండగలు ఫెస్తీవి.

ఐదో మెట్టు: మాటను ఒంటరిగా రాసుకోవద్దు

తెలుగులో ఆర్టికల్ లేదు, ఇంగ్లీషులో ఉన్నా దానికి లింగం లేదు. అందుకని ఇంగ్లీషు అర్థాల లిస్టులో లింగం మాయమైపోతుంది, తర్వాత మళ్లీ మొత్తం నేర్చుకోవాల్సి వస్తుంది. మొదటి రోజు నుంచే ఇల్ లీబ్రో (పుస్తకం), లా కాస, లో ద్జైనో (బ్యాక్‌ప్యాక్) అని ఆర్టికల్‌తో కలిపి ఒకే మాటలా రాసుకోండి. ఒ తో ముగిస్తే పుంలింగం, అ తో ముగిస్తే స్త్రీలింగం అన్న సూత్రం ఎక్కువసార్లు పనిచేస్తుంది. పనిచేయనివి రోజూ వాడేవే కావడం మన ఖర్మ: లా మానో (చెయ్యి), లా ఫోతో, ఇల్ ప్రొబ్లేమ, ఇల్ సిస్తేమ. బహువచనాల్లో గుడ్డు, వేలు, చెయ్యి లాంటివి వింతగా మారతాయి. ఆర్టికల్‌తో గుడ్డు లువోవో, ఆరు గుడ్లు సెయి ఉవోవ. అంతే, వ్యాకరణం గురించి ఇక్కడ ఇంతకంటే అక్కర్లేదు.

ఆరో మెట్టు: మాటల్ని వీధిలో ఏరుకోండి

భాషా శాస్త్రవేత్త తుల్లియో దె మౌరో 1980లో ఇటాలియన్‌కి ఒక మూల పదజాలం తయారుచేశారు, 2016లో దాన్ని కొత్తగా సవరించారు. మొత్తం సుమారు 7,000 మాటలు, అందులో గుండెకాయ లాంటివి 2,000. ఆ రెండు వేలు వస్తే రోజువారీ మాటల్లో, రాతల్లో చాలా భాగం అర్థమవుతుంది. అందుకని లక్ష్యం రెండు వేలు పెట్టుకోండి, కానీ ఆ లిస్టుని పై నుంచి కిందకి చదవకండి. మీ కళ్ల ముందుకు వచ్చిన మాటల్ని ముందు నేర్చుకుని, నెలకోసారి లిస్టుతో పోల్చి ఏవి మిగిలాయో చూసుకోండి.

ముందు తలుపులు, బోర్డులు. స్పింజెరె తొయ్యి, తిరారె లాగు. అపెర్తో తెరిచి ఉంది, కియూసో మూసేశారు. ఉషీత బయటికి దారి. గ్వాస్తో చెడిపోయింది. వియెతాతో నిషిద్ధం. స్టేషన్లో బినారియో అంటే ప్లాట్‌ఫాం, రితార్దో అంటే ఆలస్యం, షోపెరో అంటే సమ్మె. ఈ షోపెరో అనే మాట వినగానే రేపటి ప్లాను మార్చుకోవడం ఇక్కడ అందరికీ అలవాటే.

సూపర్ మార్కెట్లో ఒక గంట ఏమీ కొనకుండా తిరగండి, లేదా కొంటూనే తిరగండి. కూరగాయల దగ్గర చాలాచోట్ల ప్లాస్టిక్ గ్లవ్ వేసుకుని మీరే ఏరుకుని, ధర పక్కన ఉన్న నంబరు తూకం మెషీనులో నొక్కి స్టిక్కరు అంటించుకోవాలి. అంటే ప్రతి కూరగాయ పేరు బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, దాని కింద అసలు వస్తువు ఉంటుంది. ఇంతకంటే మంచి ఫ్లాష్‌కార్డు ఎవరూ తయారుచేయలేరు. చిపొల్ల ఉల్లి, మెలన్‌ద్జాన వంకాయ, పొమొదోరో టమాటా, ద్జెన్‌జెరో అల్లం, పెపెరొంచీనో మిరపకాయ. ప్రెద్జెమొలో కట్ట చూడటానికి అచ్చం కొత్తిమీరే, కానీ పార్స్‌లీ. పప్పులో వేశాక వాసన రాకపోతే అప్పుడు తెలుస్తుంది. పిండుల వరుసలో సెమొలీనో అంటే ఉప్మా రవ్వకు దగ్గరిది, ఫరీన ది చేచి శనగపిండి, ఫరీన ది రీసో బియ్యప్పిండి. ఇక్కడ ఇంగ్లీషు అర్థం రాసుకుంటే "సెమొలినా" అని ఉంటుంది, దాంతో మీకేం లాభం? నేరుగా "రవ్వ" అని రాసుకోండి.

వెజిటేరియన్లు ఈ నాలుగు మాటలు ఫోన్లో పెట్టుకోండి: స్త్రుత్తో అంటే పంది కొవ్వు, కొన్ని రొట్టెల్లో ఉంటుంది. కాల్యో అంటే చీజ్‌ని విరగ్గొట్టే రెన్నెట్. పర్మిజానో రెజ్జానోలో దూడ కడుపు నుంచి తీసింది వాడతారు. బ్రోదో ది కార్నె మాంసం రసం. అచ్చూగె చిన్న ఉప్పు చేపలు, సాస్‌లలో కలిసిపోయి కనబడవు. ప్యాకెట్ మీద గడువు దగ్గర ఒక్క మాట తేడాతో అర్థం మారుతుంది. "ద కొన్సుమార్సి ఎంత్రో" అంటే ఆ తేదీలోపే తినాలి. మధ్యలో "ప్రెఫెరిబిల్మెంతె" ఉంటే ఆ తేదీలోపు తింటే మంచిది, దాటినా పారేయనక్కర్లేదు.

ఆఫీసు మాటలు ఎలాగూ మెడ మీద కత్తి పెట్టి నేర్పిస్తాయి. కోదిచె ఫిస్కాలె మన పాన్ నంబరు లాంటిది, 16 అక్షరాలూ అంకెలూ. పెర్మెస్సో ది సొజ్జోర్నో ఉండటానికి అనుమతి పత్రం, దిగిన 8 పనిరోజుల్లోపు పోస్టాఫీసులో అప్లై చేయాలి. దానికి అంటించే స్టాంపు మార్క ద బొల్లో, 16 యూరోలు, అది మామూలుగా దొరికేది టి అని బోర్డున్న తబక్కెరియాలో, అంటే సిగరెట్లు, పొగాకు అమ్మే కొట్టులో. స్పొర్తెల్లో కౌంటరు, మోదులో ఫారం, రిచెవూత రసీదు, క్వెస్తూర పోలీసు ప్రధాన కార్యాలయం, అఫ్ఫిత్తో అద్దె, కౌత్సియోనె అడ్వాన్సు, బొల్లెత్త కరెంటు బిల్లు.

స్కాలర్‌షిప్ ఫలితాలు చూసేవాళ్లకు ఇంకొన్ని. బాందో నోటిఫికేషన్, గ్రదువతోరియా మెరిట్ లిస్టు. మీ నంబరు పక్కన ఎస్క్లూసో ఉంటే తీసేశారు, బెనెఫిచారియో ఉంటే డబ్బులొస్తాయి. "ఇదోనెఒ నోన్ బెనెఫిచారియో" అని ఉంటే టెన్షన్ మొదలవుతుంది: అర్హత ఉంది, నిధులు చాలక డబ్బు రాలేదు అని దాని భావం. ఆటో ట్రాన్స్‌లేట్ దీన్ని ముక్కలు ముక్కలుగా మార్చి చూపిస్తుంది, చాలామంది "నోన్" చూసి రిజెక్ట్ అయ్యామనుకుంటారు. కాదు, తర్వాత లిస్టు కదిలితే రావచ్చు.

ఏడో మెట్టు: చిన్న మాటలకు ఇంగ్లీషుని పక్కన పెట్టండి

ఇందాక చెప్పింది ఇదే. పొడుగు మాటల్లో ఇంగ్లీషు ఎంత సాయమో, చిన్న మాటల్లో అంత అడ్డం.

మి పియాచె ఇల్ కఫ్ఫె. ఏ లిస్టులోనైనా దీనికి "ఐ లైక్ కాఫీ" అని ఉంటుంది, దాంతో "ఐ" ఏదీ, "లైక్" ఏదీ అని వెతుక్కుంటాం. తెలుగులో చదవండి: మి అంటే నాకు. నాకు కాఫీ నచ్చుతుంది. ఇష్టపడేది నేను అయినా వాక్యానికి కర్త కాఫీ, రెండు భాషల్లోనూ. మి సెర్వె ఉన్ మోదులో అంటే నాకు ఫారం కావాలి. మి సెంబ్ర అంటే నాకు అనిపిస్తోంది. మి ఫా మాలె లా తెస్త అంటే నాకు తల నొప్పి పెడుతోంది. ఇలాంటివన్నీ ఇంగ్లీషు మీదుగా వెళ్తే వ్యాకరణ పాఠం, తెలుగు మీదుగా వెళ్తే మామూలు మాట.

తు, లెయి కూడా అంతే. ఇంగ్లీషు లిస్టులో రెంటికీ "యూ" అని రాసి ఉంటుంది. తు నువ్వు, లెయి మీరు, అయిపోయింది. స్నేహితుడికి స్కూస, తెలియని పెద్దావిడకి స్కూసి. ఆఫీసులో చావ్ అనకండి, బువొన్‌జోర్నో అనండి. షాపులో మీ వంతు రాగానే "మి దీక" అంటారు. ఇంగ్లీషులో "టెల్ మీ" అని చదివితే కసురుతున్నట్టు ఉంటుంది, నిజానికి అది మన కిరాణా కొట్టులో వినిపించే "చెప్పండి". దిమ్మి అంటే "చెప్పు". ప్రేగో అనే మాటకు ఏ డిక్షనరీ అర్థమూ సరిపోదు. చోటుని బట్టి రండి, తీసుకోండి, ఫర్వాలేదు, కానివ్వండి, అన్నీ అదే.

మెల్లమెల్లగా అన్నట్టు పియానో పియానో. వేడివేడి కాఫీ అన్నట్టు కఫ్ఫె కాల్దో కాల్దో. మొన్న లాల్త్రో యేరి, ఎల్లుండి దొపొదొమాని, ఇంగ్లీషులో అయితే ఎల్లుండికి నాలుగు మాటలు ఖర్చు. వోల్త అంటే సారి, ఉన వోల్త ఒకసారి, కథ మొదట్లో వచ్చే "చేర ఉన వోల్త" అనగనగా. భోంచేశాక కమ్ముకొచ్చే మత్తుని అబ్బియొక్కో అంటారు, భుక్తాయాసం అని రాసుకుంటే చాలు.

అన్నిచోట్లా తెలుగు గెలవదు. మనం హోటల్లోదీ కరెంటుదీ కిరాణాదీ అన్నింటినీ బిల్లు అంటాం. ఇక్కడ హోటల్లో కోంతో, కరెంటుకి బొల్లెత్త, షాపు చీటీ స్కొంత్రీనో, కంపెనీ ఇచ్చే ఇన్వాయిస్ ఫత్తూర. తెలుసు అనే మాట కూడా రెండుగా చీలుతుంది: విషయం తెలిస్తే, ఈత వస్తే సపేరె, మనిషి, ఊరు తెలిస్తే కొనోషెరె.

ఎనిమిదో మెట్టు: నోటుబుక్కు

ఆంకీ లాంటి ఫ్లాష్‌కార్డు యాప్ వాడండి, కాకపోతే రెడీమేడ్ డెక్ దించుకోవద్దు. కార్డు ముందు వైపు మాట కనిపించిన వాక్యం, ఆర్టికల్‌తో సహా. వెనక వైపు అర్థం, పొడుగు మాట అయితే ఇంగ్లీషులో, ఇంటి మాట అయితే తెలుగులో. బోర్డు ఫోటో ఉంటే అదీ అతికించండి. రోజుకి పది చాలు, పాతవి తిరగేయడం మాత్రం ఒక్క రోజు కూడా మానకండి. మానేస్తే పేరుకుపోయి భయపెడతాయి. మాటకు అర్థం చూసేటప్పుడు వర్డ్‌రిఫరెన్స్ లాంటి డిక్షనరీలో ఇటాలియన్ నుంచి ఇంగ్లీషుకి చూసి, వచ్చిన ఇంగ్లీషు మాటని మళ్లీ ఇటాలియన్‌కి తిప్పి చూడండి. టికెట్ అని కొడితే బిల్యెత్తోతో పాటు ముల్త కూడా వస్తుంది, ఆ రెండోది జరిమానా. కొంచెం పట్టు దొరికాక త్రెక్కాని అనే ఇటాలియన్ డిక్షనరీ తెరిచి ఇటాలియన్ మాటకు ఇటాలియన్‌లోనే అర్థం చదవడం మొదలుపెట్టొచ్చు.

పరీక్ష రాయాలంటే సియెనాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం పెట్టే చిల్స్, పెరూజాలోని అలాంటి విశ్వవిద్యాలయం వాళ్ల చెలి, దాంతె అలిగియేరి సొసైటీ వాళ్ల ప్లీద అందరూ రాసేవి. దీర్ఘకాల నివాస పర్మిట్‌కి ఎ2 స్థాయి (యూరప్‌లో భాష ఎంత వచ్చో కొలిచే మెట్లలో రెండోది), పౌరసత్వానికి 2018 చివరి నుంచి దాని పై మెట్టు బి1 అడుగుతున్నారు. నమూనా పేపర్లు వాళ్ల వెబ్‌సైట్లలో ఉంటాయి. చదివే భాగంలో వచ్చేవి ఎక్కువగా నోటీసులు, ప్రకటనలు, చిన్న మెయిళ్లు, కాబట్టి ఫోన్లో పోగైన ఆ బోర్డుల ఫోటోలు డిలీట్ చేయకండి, పరీక్షకు వారం ముందు అవే తిరగేయండి.